తోట నుంచి విమానం దాకా: మన మామిడి ప్రయాణం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "అమెరికాలో మీరు సాధించింది ఓ ఇరవై నిమిషాలు చెప్పండి" అన్నారు. సాధించింది చెప్పడానికి రెండు నిమిషాలు చాలండీ, మిగతా పద్దెనిమిది నిమిషాలు మామిడికాయల గురించి మాట్లాడతానన్నాను. ఆయన కాసేపు ఆగి "సరే" అన్నారు.

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. ఉద్యోగం చల్లటి గదులు కట్టడం. పాల డెయిరీలకు, మాంసం గోదాములకు కట్టాను. 2011 నుంచి మాత్రం ఎండాకాలం మూడు నెలలూ ఇంకో పని పెట్టుకున్నాను. మన నూజివీడు వైపు తోటల బంగినపల్లి కాయల్ని న్యూజెర్సీకి తెప్పించి, అక్కడి మన తెలుగువాళ్లకు, నాలుగైదు దుకాణాలకు అమ్మడం. ఇందులో పెద్ద లాభం లేదు. ఎందుకు చేస్తున్నానని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది.

ఈ సభలో సగం మందికి అమెరికాలో పిల్లలున్నారు. మీలో ఎంతమంది సూట్‌కేసులో చీరల మధ్య నాలుగు కాయలు దాచి తీసుకెళ్లారో అడగను. మా అమ్మ 2004లో తెచ్చింది. సామాన్ల దగ్గర నిలబడి ఉంటే పచ్చ కోటు తొడిగిన చిన్న బీగిల్ కుక్క వచ్చి ఆవిడ సంచి పక్కన బుద్ధిగా కూర్చుంది. అధికారి వచ్చి ఆరు కాయలూ తీసి డబ్బాలో పడేశాడు. "తినేవాటిని పారేస్తారేంట్రా, పాపం తగలదూ" అని అమ్మ అక్కడే మొదలెట్టింది. అదృష్టం ఏమిటంటే, విమానంలో ఇచ్చిన కాగితంలో పండ్లు ఉన్నాయా అన్నచోట పక్క సీటు అమ్మాయి అడిగి మరీ "ఉన్నాయి" అని టిక్ పెట్టించింది. అందుకని జరిమానా లేకుండా వదిలేశారు. ఉన్నవి లేవని రాసి ఉంటే జేబు ఖాళీ అయ్యేది. ఆ రోజు నాకు ఇది చిన్న విషయంలాగే తోచింది.

ఆ కుక్క దేనికోసం వెతుకుతోందో మన తోటల వాళ్లకి తెలుసు. ఒకటి పండు ఈగ. పక్వానికొస్తున్న కాయ తొక్క కింద గుడ్లు పెడుతుంది. రెండోది టెంక పురుగు. ఇది ఇంకా గడుసుది. కాయ చిన్నగా ఉన్నప్పుడే పైన గుడ్డు పెడుతుంది, పిల్ల పురుగు లోపలికి తొలుచుకుని టెంకలోకి చేరుతుంది, దారి పూడుకుపోతుంది. కాయ పైకి నిగనిగలాడుతూ ఉంటుంది. కోసి తిన్నా తెలీదు. టెంక పగలగొడితే లోపల నల్లటి పురుగు. మనం చిన్నప్పుడు జీడి తీసి ఆడుకోవాలని టెంకలు పగలగొట్టి ఎన్ని చూడలేదు! కాలిఫోర్నియా నారింజ తోటలవాళ్లకు పండు ఈగంటే హడల్. ఒక్క సరుకులోంచి బయటపడినా ఏళ్ల తరబడి పోరాడాలి. ఈ పురుగుల భయంతోనే అమెరికా మన మామిడికి 18 ఏళ్లు తలుపులు మూసింది.

అవి 2007లో తెరుచుకున్నాయి. అంతకుముందు ఏడాది మార్చిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బుష్ మన దేశం వచ్చినప్పుడు హైదరాబాదులో రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కూడా వెళ్లారు, గుర్తుండే ఉంటుంది. అణు ఒప్పందం మాటల మధ్య మామిడి మాట కూడా నడిచింది. మనవి మామిడిపండ్లు, వాళ్లవి హార్లే డేవిడ్‌సన్ మోటారు సైకిళ్లు. బేరం బాగానే కుదిరింది.

షరతు ఏమిటంటే, ప్రతి కాయకీ గామా కిరణాలు పట్టించాలి. వేరే దేశాలకు వేరే పద్ధతులున్నాయి. జపాన్‌కైతే ఆవిరి వేడిలో పెట్టి, కాయ గుజ్జు 47.5 డిగ్రీలకు చేరాక 20 నిమిషాలు ఉంచుతారు. యూరప్‌కి 48 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు. ఇవి ఈగ గుడ్లను చంపుతాయి. టెంకలో దాక్కున్నవాడి సంగతి తేల్చడానికి మాత్రం కిరణాలే కావాలి. ఆ సదుపాయం ఉన్నవి లాసల్‌గావ్, నవీ ముంబయి, బెంగళూరు దగ్గర మాలూరు లాంటి కొద్ది చోట్లే. మన కాయ ముందు లారీలో అంత దూరం పోవాలి.

"కిరణాలు పట్టిన పండు తింటే ఏమీ కాదా?" అని ఏటా అడుగుతారు. ఎయిర్‌పోర్టులో ఎక్స్‌రే కిందనుంచి వెళ్లిన మీ టిఫిన్ బాక్సు ఎలా ఉంటుందో ఇదీ అలాగే. కోబాల్టు వాడే చోట కాయ ఆ లోహాన్ని తాకదు, దాని కిరణాలకు పండును రేడియోధార్మికంగా మార్చేంత శక్తీ లేదు. పెట్టె మీద ఆకుపచ్చ గుర్తు వేసి, కిరణాలతో శుద్ధి చేసినదని రాయాలన్నది చట్టం. నేను ఆ గుర్తుని దాచకుండా అందరికీ కనబడేలా పెట్టిస్తాను.

ఇంజనీరుగా నాకు నచ్చే సంగతి ఇక్కడుంది. అమెరికా వ్యవసాయ శాఖ కనీసం 400 గ్రేల మోతాదు ఉండాలంటుంది. ఆహార భద్రత చూసే శాఖ 1000 గ్రేలు దాటకూడదంటుంది. పెట్టెల వరస మధ్యకి కిరణం చేరేసరికి తగ్గిపోతుంది, అంచుల్లో ఎక్కువ పడుతుంది. ఇటుకల బట్టీలో అన్ని ఇటుకలూ ఒకేలా కాలనట్టే. మధ్యలో ఉన్న కాయకి 400 తగ్గకుండా, అంచున ఉన్న కాయకి 1000 దాటకుండా పేర్పు కుదరాలి. అందుకని పెట్టెల మధ్య అక్కడక్కడ మోతాదు కొలిచే చిన్న పట్టీలు పెడతారు. అట్టపెట్టె సైజు అర అంగుళం మారినా, కాయల బరువు మారినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. పెట్టె ఇంకాస్త అందంగా చేయిద్దామని నేను ఒకసారి సరదా పడ్డాను. ఆ సరదా తీరడానికి ఒక సీజన్ పట్టింది.

ఇప్పుడు అసలు మెలిక వినండి. ఈ మోతాదుకి పురుగు వెంటనే చావదు. పెరగలేదు, సంతానం కనలేదు, అంతే. అంటే న్యూజెర్సీలో దిగిన కాయలో బతికున్న పురుగు కనిపించవచ్చు. అయినా ఆ సరుకు చట్టం ప్రకారం సరైనదే. మరి కిరణాలు పట్టించారని ఎలా తెలుస్తుంది? కాయని చూస్తే తెలీదు. వాసన చూస్తే తెలీదు. కోసినా తెలీదు. కాగితం చూస్తేనే తెలుస్తుంది. ఏ తోట, ఏ రోజు కోత, ఏ ప్యాక్‌హౌస్, ఎన్ని పెట్టెలు, ఎంత మోతాదు, ఎవరు చూసి సంతకం పెట్టారు. అమెరికా ఇన్‌స్పెక్టరు ఇక్కడికే వచ్చి, మన మొక్కల సంరక్షణ శాఖ వాళ్లతో కలిసి తనిఖీ చేసి సంతకం పెడతాడు. కరోనా కాలంలో ఆయన రాలేకపోయాడు. 2020లో, 2021లో మన మామిడి వెళ్లలేదు. తోటల్లో కాయలున్నాయి, యంత్రాలు ఉన్నాయి, కొనేవాళ్లు ఉన్నారు. లేనిదల్లా ఒక్క మనిషి. 2022లో మళ్లీ మొదలైంది.

మన సైన్సు మాస్టారు రికార్డు బుక్కులో తేదీ లేదని నా చేత ప్రయోగం మళ్లీ చేయించారు. జవాబు సరిగానే వచ్చింది కదా సార్ అన్నాను. "ఎప్పుడు వచ్చింది?" అన్నారు. అంతే. ఆయన ఇవాళ ముందు వరసలోనే ఉన్నారు. ఆ రోజు నాకు ఒళ్లు మండిందన్న సంగతి ఇన్నాళ్లకు చెబుతున్నాను, క్షమించాలి.

2025 మే నెల వార్త మీలో కొందరు చదివే ఉంటారు. లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో, అట్లాంటా విమానాశ్రయాల్లో దాదాపు 15 మామిడి సరుకుల్ని అమెరికా అధికారులు ఆపేశారు. కిరణాలు పట్టించినట్టు చెప్పే పత్రం సరిగా లేదన్నారు. పని జరిగింది, కాగితంలోనే తప్పు దొర్లింది అని ఎగుమతిదారులు మొత్తుకున్నారు. వెనక్కి తెచ్చుకోండి, లేదా అక్కడే నాశనం చేయండి అన్నారు. నాలుగు రోజుల్లో మెత్తబడే పండును విమానం కిరాయి మళ్లీ పెట్టి ఎవరు వెనక్కి తెస్తారు? నాశనమే చేశారు. నష్టం సుమారు అయిదు లక్షల డాలర్లని పత్రికలు రాశాయి. అందులో నా సరుకు లేదు. ఆ రాత్రి మాత్రం నేను లేచి కూర్చుని నా పత్రాలన్నీ మళ్లీ మళ్లీ చూసుకున్నాను.

ఇతరుల సంగతి చెప్పాను కాబట్టి నా తప్పులూ చెప్పాలి. మొదటిది నా సొంత విద్యలోనే చేశాను. 2011లో తొలిసారి కాయలు వచ్చాయి. శుక్రవారం సాయంత్రం దిగాయి, జనం ఆదివారం వచ్చి తీసుకెళ్తారు. నేను చల్లటి గదుల ఇంజనీరుని కదా, ధీమాగా ఒక మిత్రుడి దుకాణంలో పాలు, పెరుగు ఉంచే గదిలో పెట్టించాను. నాలుగు డిగ్రీలు. ఆదివారం పైకి బాగానే ఉన్నాయి. బుధవారం నుంచి ఫోన్లు. తొక్క బూడిద రంగుకి తిరిగింది, గుంటలు పడ్డాయి, పండు పండలేదు, పులుపు పోలేదు. పచ్చికాయని సుమారు 13 డిగ్రీల కంటే కిందకి దించితే దానికి చలిదెబ్బ తగులుతుంది. అది వేడిదేశపు బిడ్డ. ఆవుపాలకి మంచిది దానికి మంచిది కాదు. ఇరవై ఏళ్లు శీతల గదులు కట్టినవాణ్ణి, ఒక్క పుస్తకం తిరగేసి ఉంటే సరిపోయేది. ఎనభై కుటుంబాలకు డబ్బు తిరిగిచ్చాను. నలుగురైదుగురు "పోనీలే అన్నయ్యా" అని తీసుకోలేదు. వాళ్లని చూస్తేనే ఎక్కువ సిగ్గేసింది.

రెండోది ఇంతకంటే బరువైనది. అందులో మా బ్యాచ్ వాడొకడున్నాడు. వాడు ఈ సభలోనే ఉన్నాడు. చెప్పమన్నాడు కానీ పేరు వద్దన్నాడు.

అమెరికా వెళ్లే కాయ నమోదైన తోటదే అయ్యుండాలి. తోటకో నంబరు ఉంటుంది. ఏ మందు ఎప్పుడు కొట్టారో పుస్తకం ఉంటుంది. 2016 మే నెలలో ఒక సరుకుకి డెబ్భై పెట్టెలు తక్కువ పడ్డాయి. వడగాలికి కాయ రాలిపోయింది. విమానంలో చోటుకి డబ్బు కట్టేశాం. రాత్రి పదింటికి ఇక్కణ్ణించి కాయలు పోగుచేసే అతను ఫోన్ చేశాడు. "మీ స్నేహితుడి తోట పక్కనే ఉంది సార్, కాయ బంగారంలా ఉంది. నమోదు లేదు గానీ మన తోట నంబరు మీదే ఎక్కించేద్దాం, ఎవరికి తెలుస్తుంది" అన్నాడు. నేను సరే అన్నాను.

అవును, అన్నాను. వాడి తోట నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. దసరా సెలవుల్లో ఆ గట్ల మీదే తిరిగాం. మోసం అనిపించలేదు, సాయం అనిపించింది. వాడు తెల్లవారుజామునే కూలీల్ని పెట్టి చిక్కాలతో కాయలు కోయించాడు, తొడిమ ఉంచి, సొన కారేలా బోర్లించి, ఎంతో శ్రద్ధగా. నాకు నిద్ర పట్టలేదు. ఆ నంబరు కింద ఇంకో ఆరుగురు రైతులున్నారు. ఒక్క కాయలో ఏదైనా దొరికితే ఆ నంబరు మొత్తం ఆగిపోతుంది. వాళ్ల ఆరుగురికీ నేను ఎవర్ని? వాళ్లని అడిగానా? నాలుగు గంటల తర్వాత ఫోన్ చేసి వద్దన్నాను. అప్పటికే ట్రాక్టరు ప్యాక్‌హౌస్ గేటు దగ్గరుంది.

కోసిన కాయని చెట్టుకి తిరిగి కట్టలేం. వాడు ఆ డెబ్భై పెట్టెల సరుకూ కమిషన్ కొట్టుకి తోలాడు, ఆ రోజు ధర అడ్డంగా పడిపోయి ఉంది. తేడా నేనిస్తానన్నాను. "నా తోటలో పురుగులున్నాయన్నావుగా, ఆ డబ్బు నాకెందుకు" అన్నాడు. నేను అలా అనలేదు. కానీ వాడికి వినబడింది అదే, వాడి స్థానంలో ఉంటే నాకూ అదే వినబడేది. వాడి తోటలో పురుగు ఉందో లేదో ఈ రోజుకీ నాకు తెలీదు. బహుశా లేదు. మూడేళ్లు మాట్లాడలేదు. వాళ్ల అమ్మాయి పెళ్లికి శుభలేఖ వచ్చింది గానీ ఫోన్ రాలేదు. నా తప్పు వద్దనడం కాదు. ముందు రాత్రి సరే అనడం.

2019లో వాడే ఉద్యానశాఖ వాళ్లని పిలిపించుకుని తోట నమోదు చేయించుకున్నాడు. నాకు చెప్పలేదు. ఆ ఏడాది కాయ నమూనా ప్రయోగశాలకి వెళితే, మామిడి మీద ఉండకూడని మందు ఆనవాలు కాస్త దొరికింది. అమెరికాలో ఏ పంట మీద ఏ మందు ఎంత ఉండొచ్చో పట్టిక ఉంటుంది. పట్టికలో ఆ పంటకి అనుమతి లేకపోతే రవ్వంత కనబడినా కుదరదు, మనదేశంలో ఆ మందు వాడటం తప్పు కాకపోయినా సరే. వాడు ఆ మందు కొట్టనే లేదు. పుస్తకంలో ఒక్కో రోజూ రాసి ఉంది. ఆ పుస్తకం పట్టుకుని వెనక్కి లెక్కేసుకుంటూ వెళితే, అద్దెకి తెచ్చిన స్ప్రేయరు డ్రమ్ముతో అంతకు ముందు రోజు ఎవరో మిరప చేనుకి కొట్టారని తేలింది. డ్రమ్ము కడగలేదు. అప్పుడు వాడు నాకు ఫోన్ చేశాడు. మూడేళ్ల తర్వాత మొదటి మాట, "ఒరేయ్, డ్రమ్ము రా, డ్రమ్ము!" ఇద్దరం నవ్వాం. తర్వాత వాడు సొంత స్ప్రేయరు కొన్నాడు. 2022 నుంచి వాడి కాయలు నా పెట్టెల్లో వస్తున్నాయి.

వ్యాపారం మొదలెడదామనుకునే కుర్రాళ్లు ఒకరిద్దరు నన్ను పొద్దున పలకరించారు. వాళ్లకోసం రెండు మాటలు. అక్కడ దిగుమతి చేసుకునేవాడే బాధ్యుడు. తన సరుకు పండించినవాడు, ప్యాక్ చేసినవాడు పద్ధతి ప్రకారం చేశారని దిగుమతిదారే నిర్ధారించుకుని ఫైలు ఉంచుకోవాలి. ఆ నిబంధన 2017 నుంచి అమలులో ఉంది. నా దగ్గరికి మొదటిసారి తనిఖీకి వచ్చిన అధికారిణి మా గ్యారేజీలో నాలుగు గంటలు కూర్చుంది. ఒక్క మామిడికాయని కూడా చూడలేదు. కాఫీ మాత్రం తాగింది. అలాగే విమానం దిగడానికి నాలుగు గంటల ముందే సరుకు వస్తోందని ఆహార శాఖకి తెలియజేయాలి. టోకున అమ్మితే తాజా పండ్ల వ్యాపారానికి వేరే లైసెన్సు కావాలి. ఆ చట్టం 1930 నాటిది. కొన్నవాడు సరుకు తీసుకున్నాక, వేరే ఒప్పందం లేకపోతే పది రోజుల్లో డబ్బు కట్టాలంటుంది. కాయ పాడైపోయిందని ఫోన్‌లో ఫొటో పంపి సగం డబ్బు ఎగ్గొట్టే పెద్దమనుషులు అక్కడా ఉన్నారు. వాళ్ల నుంచి నన్ను కాపాడింది ఆ చట్టమే.

ఇక మాగవేయడం. మనం చిన్నప్పుడు వరిగడ్డిలో మాగేసేవాళ్లం. ఇప్పుడు మన ఊళ్లలోనే కార్బైడ్ పొట్లాలు పెడుతున్నారు. దాన్నుంచి వచ్చే వాయువుతో తొక్క రంగు మారుతుంది, లోపల పండదు. పైగా అందులో ఆర్సెనిక్, భాస్వరం మలినాలుంటాయి. పండ్లు మాగబెట్టడానికి దాన్ని వాడటం మన దేశంలో ఎప్పటినుంచో నిషేధం. 2015లో హైకోర్టు తనంతట తానే ఈ విషయం విచారణకి తీసుకుంది. ఇథిలీన్ వాయువుకి మాత్రం 100 పీపీఎం దాకా అనుమతి ఉంది. అది పండు తనంతట తాను విడుదల చేసుకునే వాయువే. గాలి చొరబడని గది, 20 డిగ్రీల పైచిలుకు వేడి, తేమ, ఒక రోజు. అలాంటి చిన్న గది కట్టడం నా విద్య. అమెరికా పిల్లల కోసం ఇంత జాగ్రత్త పడుతున్నాం కదా, బస్టాండు దగ్గర బండి మీద కొనుక్కు తినే మన బడి పిల్లల సంగతేమిటని రెండేళ్ల క్రితం మా బ్యాచ్ గ్రూపులో గొడవ పడ్డాం. గొడవ చివరికి చందాగా మారింది. మార్కెట్ యార్డు పక్కన పది టన్నుల గదికి నేను నక్షా గీశాను. స్థలం కాగితాలు ఇంకా తేలలేదు. ఈ ఎండాకాలానికి తేలతాయని ఆశ, తేలకపోతే మీ అందరికీ ఫోన్లు చేసి విసిగిస్తాను.

ఇది జనవరి. దారిలో చూశాను, తోటలు పూతమీదున్నాయి. మందుల పుస్తకం మొదలెట్టాల్సింది ఇప్పుడే, కాయ కాశాక కాదు. తోట నమోదు దరఖాస్తులు యాభై తెచ్చాను. భోజనాల దగ్గర మా బ్యాచ్ వాడి దగ్గరుంటాయి, అడిగి తీసుకోండి. వాడెవడో ఎలా తెలుస్తుందంటారా, చేతిలో పుస్తకం పట్టుకుని ఉంటాడు.